గోతిలోని గాలి

జోగయ్యను గోతిలోంచి పైకి లాగేసరికి లీలారాణి ల్యాబు మెట్ల మీద నిలబడి ఉంది. చంకల కిందుగా తాడు వేసి పైనుంచి మనుషులు లాగితే తడిసిన బస్తా వచ్చినట్టు వచ్చాడు. మోకాళ్ళ దాకా నల్లటి బురద. మొహానికి మాత్రం ఏమీ అంటలేదు. పొద్దున్న గేటు దగ్గర కనిపించి, షట్‌డౌన్‌లో కూడా మీకు సెలవు లేదా అమ్మాయిగోరూ అని పలకరించిన మొహమే. ఏదో చెప్పబోయి మధ్యలో మరిచిపోయినవాడిలా నోరు కొంచెం తెరిచి ఉంది. సిమెంటు గట్టు మీద పడుకోబెట్టి ఒకరు అరికాళ్ళు రుద్దారు, ఇంకొకరు గుండెల మీద ఒత్తారు. ఎవరో చెంబుతో మొహాన నీళ్ళు కొట్టారు. ఆ నీళ్ళు చెంప మీదుగా జారి చెవిలోకి పోయాయి. చెవిలోకి నీళ్ళు పోతే నిద్రలో ఉన్నవాడైనా తల తిప్పుతాడు. జోగయ్య తిప్పలేదు. లీలారాణికి అప్పుడు తెలిసింది.

అతని తమ్ముడు గోవింద్ అన్న వెనకే గోతిలోకి దూకబోతే ముగ్గురు పట్టుకుని ఆపారట. ఇప్పటికీ వాళ్ళు అతన్ని వదల్లేదు. అతను గింజుకోవడం మానేసి చాలాసేపయినా అలాగే పట్టుకుని నిలబడ్డారు.

హుద్‌హుద్ తర్వాత వచ్చిన వేసవి అది. తుఫాను ఎగరేసుకుపోయిన రేకుల స్థానంలో వేసిన కొత్త రేకులు ఇంకా తళతళలాడుతున్నాయి. జీడివలస పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో బొగ్గును గాలి తగలకుండా కొలిమిలో కాల్చి చార్ తయారు చేస్తారు. ఎర్రగా దిగిన చార్ మీద నీళ్ళు చల్లితే ఆ నల్లనీళ్ళన్నీ కాలువ వెంట వచ్చి యార్డు చివర గోతిలో చేరతాయి. ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపినప్పుడు నీళ్ళు తోడేసి, అడుగున పేరుకున్న బొగ్గుబురదను తట్టలతో ఎత్తిపోస్తారు. జోగయ్య ఏటా దిగే గొయ్యే అది. ఈసారి తేడా ఒక్కటే. పొద్దున్నే బాయిలరు గొట్టాలు కడిగిన కాంట్రాక్టు మనుషులు ఆ వాడేసిన యాసిడ్‌ను ఎక్కడ పోయాలో తెలియక ఆ కాలువలోకే వదిలేశారు. ఎవరికీ చెప్పాలనిపించలేదు వాళ్ళకి. నీళ్ళలోకే కదా అనుకున్నారు.

మధ్యాహ్నం ప్లాంటు మేనేజరు యుగంధర్ ల్యాబుకు వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. జోగయ్యను కారెక్కించడానికి తనే ఒక చెయ్యి వేశాడు కాబోలు, మోచేతి మీద బురద ఎండి ఉంది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆ బురదలో ప్రమాదకరమైనది ఏమైనా ఉందేమో ముందు తనకు తెలియాలని అన్నాడు. ఆ అడగడంలో ఏ మాయా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఇనుప సల్ఫైడ్ చూడండి. ఉంటే ఉందని చెప్పండి," అన్నాడు.

లీలారాణి వారం వారం చేసే పరీక్షే అది. బురదను ఆరబెట్టి, నూరి, జల్లించి, తూకం వేసి బీకరులో పోసింది. దాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి అరగంట మరిగించాలి. అక్కరలేని ఇనుమంతా అందులో కరిగిపోతుంది. వడకట్టి ఆ నీళ్ళు పారబోసి, కాగితం మీద మిగిలినదాన్ని నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే గంధకంతో జతకట్టిన ఇనుము అప్పుడు బయటికొస్తుంది. దాన్ని కొలవాలి. పుస్తకంలో ఉన్న పద్ధతి అదే. తనకు ముందున్న కెమిస్టు చేసిందీ అదే.

గాజు తలుపుల అరలో, ఆవిర్లను బయటికి లాగే ఫ్యాను కింద బీకరు పెట్టి మీట నొక్కింది. ఫ్యాను తిరగలేదు. షట్‌డౌన్ కదా, లైట్లకు తప్ప దేనికీ కరెంటు వదల్లేదు. అవతల మనిషి పోయి ఉంటే ఫ్యాను కోసం ఎవరిని పిలుస్తుంది. కిటికీ తెరిచి, బర్నరు వెలిగించింది.

నీళ్ళు మరగడానికి ముందే వాసన వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మొదట బయటినుంచి అనుకుంది. వంగి చూసేసరికి గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది, కళ్ళు మండాయి. బర్నరు ఆపేసి బయటికి పరుగెత్తి, మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎదురుగా గట్టు మీద జోగయ్యను పడుకోబెట్టినచోట తడి ఇంకా ఆరలేదు.

చాలాసేపటికి లోపలికి వెళ్ళి, ముక్కుకు తడి రుమాలు కట్టుకుని, పరీక్ష పూర్తి చేసింది. చివర్న థయోసయనేట్ చుక్కలు వేస్తే, ఇనుముంటే నీళ్ళు రక్తంలా ఎర్రబడాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఎప్పటిలాగే, నిల్.

ఆ రంగులేని నీళ్ళ వంక చూస్తూ ఆమె కదలకుండా నిలబడింది. ముడిబొగ్గులో ఇనుమూ గంధకమూ గట్టిగా పెనవేసుకుని ఉంటాయి, ఈ యాసిడ్ దాన్నేమీ చేయలేదు. కొలిమిలో కాల్చేసరికి గంధకం సగం ఎగిరిపోయి, మిగిలినది బలహీనపడుతుంది. యాసిడ్ తగిలితే చాలు విషవాయువై లేచిపోతుంది. ఎమ్మెస్సీలో చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ప్రతి వారమూ తను కొలవాల్సిన వస్తువును మొదటి అరగంటలోనే ఫ్యాను గొట్టంలోంచి ఆకాశంలోకి పంపేసి, మిగిలిన పిప్పిని కొలిచి, లేదు అని రాసి సంతకం పెట్టింది. ఇవాళ ఆ గోతిలో ఫ్యాను లేదు. బీకరులో జరిగినదే గోతిలో జరిగింది. మధ్యలో జోగయ్య ఉన్నాడు.

యుగంధర్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు. విని, మీరు చేసేది పుస్తకంలో ఉన్న పద్ధతేనా అని అడిగాడు. అవునంది. అయితే తప్పేముందన్నాడు.

"అది బొగ్గుకు రాసిన పద్ధతి సార్. మనది కాల్చిన బొగ్గు."

"కాల్చినా బొగ్గు బొగ్గే కదా." అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయిన వారం మీరు సంతకం పెట్టిన రిపోర్టు ఉంది. నిల్ అని ఉంది. అది చాలు. ఇవాళ్టి పరీక్ష మీరు చేయలేదనుకోండి."

ఆ రాత్రి నెల్లిమర్లలో ఇంటికి చేరేసరికి తల్లి గ్లోరీ గుడ్ల పులుసు వండి ఉంచింది. లీలారాణి గిన్నె మూత తీసి, వెంటనే మూసేసి, పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

*

మర్నాడు అందరికంటే ముందు ల్యాబు తెరిచింది. ఫ్లాస్కుకు బిగువైన రబ్బరు బిరడా పెట్టి, దానిలోంచి వంపు గాజుగొట్టం తీసి, దాని కొసను జింక్ ఎసిటేట్ నీళ్ళలో ముంచింది. వచ్చే గాలి ఎటూ తప్పించుకోకుండా ఆ నీళ్ళలోకే పోవాలి. అతుకులన్నిటికీ సబ్బునురుగు రాసి, బుడగ లేవదని రూఢి చేసుకున్నాక గరాటులోంచి యాసిడ్ వదిలింది. కాసేపటికి గొట్టం కొస నుంచి బుడగలు మొదలయ్యాయి. తేటనీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళయ్యాయి, తర్వాత పాలయ్యాయి. ఇంత తెలుపు ఆమె ఊహించలేదు. మోచేతిని బల్లకు ఆనించి, అయోడిన్ పోసి, ఖర్చుకాకుండా మిగిలిన అయోడిన్‌ను చుక్క చుక్కగా కొలిచింది. లెక్క వేస్తే ఆ బురదలోని గంధకంలో సగానికి పైగా ఇనుముతోనే ఉంది. నమ్మలేక రెండోసారి చేసింది. అదే అంకె. పోయిన వారం సీసాలో మిగిలిన చార్ తీసి చేసింది. దానిలోనూ అంతే.

ఆమె మూడోసారి గాజుసామాను కడుగుతుండగా జగ్గమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. యార్డులోనూ ల్యాబులోనూ ఊడ్చే ఇద్దరు ఆడమనుషుల్లో ఆమె ఒకతె. రెండో ఆమె దేముడమ్మ. జగ్గమ్మ వచ్చిందే గాని ఊడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి బయటికి చూస్తోంది. దేముడమ్మ రాలేదేమని లీలారాణి అడిగింది.

"రానేదమ్మా. రాదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది సిల్లంగి పెట్టీసినాదని కట్టీసినారు."

లీలారాణికి ముందు అర్థం కాలేదు. చిల్లంగి, అంటే చేతబడి, అన్నమాట చిన్నప్పుడు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనుకుంటుంటే వింది. అది తన కాలంలో, తను రోజూ బస్సు దిగి నడిచే ఊళ్ళో ఉంటుందని అనుకోలేదు. జగ్గమ్మ విడమరిచి చెప్పింది. ఆస్పత్రిలో విప్పిన జోగయ్య వెండి మొలతాడును పొట్లం కట్టి శవంతోపాటు ఇచ్చారు. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే అది బొగ్గులా నల్లగా ఉంది. తాయెత్తు కూడా నల్లబడిపోయింది. ఒంటి మీది వెండి ఒక్క పూటలో నల్లబడిందంటే అది మందు కాదు, రోగం కాదు, చిల్లంగే అన్నారు పెద్దవాళ్ళు. ఎవరు పెట్టారన్న ప్రశ్న వచ్చింది. పొద్దున్న గోతిలో దిగేముందు జోగయ్య దేముడమ్మ చేతి చోడి అంబలి, అదే రాగంబలి, తాగాడు. మొగుడూ పిల్లలూ లేని మనిషి. పశువులకు వేర్లు, ఆకులు నూరి వేస్తుంది. ఇంకేం కావాలి. దహనం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు తిన్నగా ఆమె ఇంటికే వెళ్ళారు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి యువజన సంఘం గదిలో పెట్టి తాళం వేశారు. కొండవైపు నుంచి మంత్రగాణ్ణి పిలిపించారు. ఎండ చల్లబడ్డాక వస్తాడు.

"వస్తే ఏం చేస్తాడు?"

"పల్లు ఊడగొడతారమ్మా. పల్లు నేకపోతే మంత్రం నోట పలకదంతారు." జగ్గమ్మ చీపురును కిందికి దించింది. "మా దేముడమ్మ అప్పకి ముందే ముందరి పల్లు రెండే ఉన్నాయి."

లీలారాణి కడుగుతున్న ఫ్లాస్కును సింకులో పెట్టింది. అది దొర్లి అంచుకు తగిలి పగిలింది. ఆ ముక్కల వంక కూడా చూడకుండా యుగంధర్ గదికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు. వెండి నల్లబడడానికి కారణం అదే వాయువని, వెండినీ మనిషినీ పట్టుకున్నది ఒకటేనని, ఆ మాట ఫ్యాక్టరీ తరఫున ఊళ్ళో చెబితే ముసలామె బతుకుతుందని చెప్పింది. యుగంధర్ పెన్ను బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు.

"అంటే, ఊళ్ళోవాళ్ళు మన గొయ్యి గురించి ఏమీ అనడం లేదా?"

అడిగేటప్పుడు అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. తలమీది మూట దించుకున్న మనిషికి అలా దిగుతాయి. అది లీలారాణి చూసింది. చూసినట్టు అతనికీ తెలిసింది. మొహం పక్కకు తిప్పుకుని, ఇవి వాళ్ళ నమ్మకాలు, మనం తలదూర్చకూడదు, పోలీసులకు ఫోన్ చేయిస్తాను అన్నాడు. నిన్న జోగయ్యను ఎత్తి కారెక్కించిన మనిషేనా ఇతను అనుకుంటూ ఆమె బయటికి వచ్చేసింది.

పోలీసులకు తనే ఫోన్ చేసింది. ఫోనెత్తినాయన వివరాలన్నీ రాసుకుని, జీపు బందోబస్తులో ఉందని, రాగానే పంపుతామని చెప్పాడు. ఎండ అప్పటికే యార్డులో బొగ్గుకుప్పల అవతలి వైపుకు తిరుగుతోంది. లీలారాణి చిన్న ఫ్లాస్కు, బిరడా సీసాలో యాసిడ్, ఆ వాయువు తగిలితే నల్లబడే లెడ్ ఎసిటేట్ కాగితాలు సంచిలో సర్దుకుంది. జగ్గమ్మ చీపురు ల్యాబులోనే వదిలేసి ఆమె వెనక నడిచింది.

*

యువజన సంఘం గది ముందు జనం గుంపుగా ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు నిలబడి, కూర్చుని, బీడీలు కాల్చుకుంటున్నారు.  కిటికీ ఊచల్లోంచి దేముడమ్మ కనిపించింది. నేలమీద కూర్చుని ఉంది, చేతులు వెనక్కి ఉన్నాయి. కనుబొమ మీద రక్తం గడ్డకట్టింది. ఏడవడం లేదు. బయటి మనుషుల్ని ఒక్కొక్కరినీ తేరిపార చూస్తోంది, ఎవరెవరు వచ్చారో గుర్తుపెట్టుకుంటున్నట్టు.

గోవింద్ అడ్డం వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. కంపెనీవాళ్ళకు ఇక్కడ పనిలేదన్నాడు. కంపెనీ పంపితే రాలేదని, వెండి ఎందుకు నల్లబడిందో చెప్పడానికి వచ్చానని ఆమె అంది. గోతిలో యాసిడ్ పడడం గురించి, కాల్చిన బొగ్గు గురించి, గాలి గురించి చెప్పింది. చెప్పేకొద్దీ తన మాటలు తనకే పుస్తకంలోవిలా వినిపించాయి. గుంపులో ఎవరో ఆవులించారు.

ఆమె మాటలు ఆపి, ఎదురుగా జోగయ్య ఇంటి అరుగు మీద ఆడవాళ్ళ మధ్య గోడకు జారబడి ఉన్న కూర్మమ్మ దగ్గరికి వెళ్ళింది. జోగయ్య భార్య. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడడం లేదు. లీలారాణి ఆమె ఎదుట నేలమీద కూర్చుంది.

"అక్కా, మొన్న ఆ మొలతాడు ఏ రంగులో ఉంది?"

కూర్మమ్మ నేలను చూస్తూ పలికింది. "తెల్లగుండీది. పండగకని సింతపండేసి నానే తోమినాను."

"మంత్రం లేకుండా, నీ కళ్ళ ముందే వెండిని నేను అలాగే నల్లగా చేస్తాను. చేయగలిగితే, నీ పెనిమిటిని చంపింది ఆ గాలేనని నమ్ముతావా?"

కూర్మమ్మ తల ఎత్తింది. చూపు ఈమె మీదికి వచ్చింది.

లీలారాణి బురద ఎక్కడ దొరుకుతుందని చుట్టూ చూస్తే, చూరు కింద జోగయ్య తట్టా పారా కనిపించాయి. ఫ్యాక్టరీ నుంచి ఎవరో తెచ్చి పడేశారు. తట్ట అడుగున నల్లగా అట్టకట్టి ఎండి ఉంది. దాన్ని కొంచెం గీరి ఫ్లాస్కులో వేసింది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ గాలికి ఎదురు దిక్కుకు జరగమంది. కాస్త యాసిడ్ పోసి, లెడ్ ఎసిటేట్ కాగితం మూతి మీద పెట్టింది. తెల్ల కాగితం గోధుమరంగైంది, నల్లబడింది. ముందువరసలో వాళ్ళు వంగి చూశారు. గోవింద్ మాత్రం కదల్లేదు.

"కాయితం నీది, నీల్లు నీవి, బుడ్డీ నీది. నల్లబడదేటి మరి?" అన్నాడు. "ఎండి ఎయ్యి. సూద్దుం."

అది న్యాయమైన మాటే. లీలారాణి తన చేతులు చూసుకుంది. బాప్తిస్మం తీసుకుని నగలు మానేసిన నాటి నుంచి ఒంటి మీద వాచీ తప్ప మరో లోహం లేదు. ఎవరైనా చిన్న వెండి వస్తువు ఇవ్వమని అడిగింది. ఆడవాళ్ళు పట్టీల కాళ్ళు చీర కుచ్చిళ్ళలోకి లాక్కున్నారు. ఒకామె చంటిపిల్ల మొలతాడును అరచేత్తో కప్పింది. నల్లబడే వెండితోపాటు ఇంకేమి ఇంట్లోకి వస్తుందో అని భయం. సందు చివర ఎవరో మోటారుసైకిలు చప్పుడు విని, వచ్చీసినట్టున్నాడు అన్నారు. గుంపు అటు తిరిగింది.

అప్పుడు కూర్మమ్మ మోకాలు మడిచి, కాలు దగ్గరికి లాక్కుని, రెండో వేలి మెట్టెను తిప్పడం మొదలుపెట్టింది. పెళ్ళినాటిది, వేలికి దిగబడి ఉంది. ఉమ్మి తడిచేసి తిప్పింది. పక్కనున్న అత్త ఆమె చెయ్యి పట్టుకుని, అది తీసే రోజు ఇది కాదే, దానికి తంతు ఉందే అని ఏడ్చింది. కూర్మమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. చర్మం ఒరుసుకుని మెట్టె ఊడివచ్చింది.

"ఎలాగూ తీసీసీదే కదా," అని లీలారాణి అరచేతిలో పెట్టింది.

అది వెచ్చగా ఉంది. లీలారాణి దానికి దారం కట్టి ఫ్లాస్కు మెడలో వేలాడదీసి, మిగిలిన బురదంతా వేసి, యాసిడ్ పోసింది. బుడగలు సన్నగా లేచాయి. మెట్టె తెల్లగా వేలాడుతోంది. జనం చూశారు. మోటారుసైకిలు దిగినతను మంత్రగాడు కాదు, ఎవరో బంధువు. అతను కూడా వచ్చి చూశాడు. మెట్టె తెల్లగానే ఉంది. లీలారాణి ఇంకా వంగి చూసింది. బురద చాలదేమో. యాసిడ్ పలచబడిందేమో. ఫ్లాస్కును రెండు అరచేతుల మధ్య పట్టుకుని వేడి తగిలేలా నిమిరింది. గోవింద్ నవ్వలేదు గాని ఊపిరి గట్టిగా వదిలాడు.

ముందు పసుపురంగు కమ్మింది. మొదట చూసింది కూర్మమ్మే. తర్వాత రాగిరంగు, తర్వాత నీలి ఛాయ, తర్వాత అంచుల నుంచి లోపలికి నలుపు. లీలారాణి దారం పట్టి పైకి తీసేసరికి మెట్టె కాటుక పూసినట్టుంది. గాలి ఒక్కసారి ఇటు తిరిగి ఆ వాసన అందరికీ తగిలింది.

గోవింద్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈ వాసనే," అన్నాడు. "గొయ్యి మీద వంగినపుడు ఇదే వాసన." మాట పూర్తికాకుండా అక్కడే కూలబడి తలను మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

తాళంచెవి ఎవరి దగ్గరుందో కాసేపు ఎవరూ చెప్పలేదు. కూర్మమ్మ లేచి, నల్లబడిన మెట్టె చేత్తో పట్టుకుని, గది తలుపు దగ్గరికి నడిచింది. అప్పుడు ఒకాయన రొంటిన చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. దేముడమ్మ చేతుల కట్లు విప్పింది జగ్గమ్మ. జనం దారి ఇచ్చారు. ఒకరు మంచినీళ్ళు తెచ్చారు, ఇంకొకరు కుర్చీ వేశారు. ఆమె నీళ్ళు తాగలేదు, కుర్చీలో కూర్చోలేదు. తన ఇంటికి వెళ్ళి మూట కట్టుకుని బయటికి వచ్చి, తలుపుకు గొళ్ళెం పెట్టి, బస్సురోడ్డు వైపు నడిచింది. మంత్రగాడు ఎదురుపడితే అతనికీ దారి ఇచ్చింది.

*

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు యుగంధర్ ఆ నిల్ రిపోర్టును బల్ల మీద పెట్టాడు. దాని పక్కన లీలారాణి తన కొత్త అంకెల కాగితం పెట్టింది. రెంటి మీదా ఒకే సంతకం ఉందేమని ఇన్‌స్పెక్టరు అడిగాడు. రెండూ తనవేనని, మొదటిది పద్ధతి ప్రకారం చేసినదే అయినా తప్పని, తనకు తెలిసి ఉండాల్సింది ఆలోచించకుండా చేశానని, రెండోది ఆయన ఎదుటే మళ్ళీ చేసి చూపిస్తానని చెప్పింది.  బుడగలు లేస్తుంటే యుగంధర్ గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. పాలలా మారిన ఆ నీళ్ళను చూసి, మొదటిసారి, ఇంతుందా అన్నాడు. ఎవరికీ కాదు, తనలో తనే.

గొయ్యి మూయించారు. మనిషిని దించకూడదని రాతపూర్వకంగా తాఖీదు ఇచ్చారు. కూర్మమ్మకు పరిహారం కోసం కేసు నమోదైంది. లీలారాణిని కొన్నాళ్ళు రావద్దన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో చెప్పలేదు. గోవింద్ నెల్లిమర్ల దాకా వచ్చి ఆమె ఇంటి బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. దేముడమ్మను తీసుకొస్తామని, ఊరి పెద్దలు కూడా ఒప్పుకున్నారని, మీరు చెబితే ఆమె వింటుందని బతిమాలాడు.

దేముడమ్మ నరసన్నపేటలో చెల్లెలి ఇంట్లో ఉంది. లీలారాణి వెళ్ళేసరికి హైవే లారీల దుమ్ము పడకుండా అరుగు మీద ఓ వారగా కూర్చుని చేటతో మినుములు చెరుగుతోంది. కనుబొమ మీద గాయం పక్కుకట్టింది. రమ్మని చాప జరిపింది. లీలారాణి జరిగిందంతా చెప్పింది. గొయ్యి మూయించిన సంగతి, ఇన్‌స్పెక్టరు సంగతి, గోవింద్ వచ్చి బతిమాలిన సంగతి. ఊళ్ళో అందరూ తప్పు తెలుసుకున్నారంది. చెబుతుంటే మంచివార్త మోసుకొచ్చిన సంతోషం ఆమె గొంతులో ఆమెకే తెలుస్తోంది.

దేముడమ్మ అన్నీ విని, చేటలో పొట్టు ఊదేసింది.

"మంచి పనే సేసినావు తల్లీ. ఒక్క మాట అడుగుతాను. ఆ మెట్టి నల్లబడకపోతే?"

లీలారాణికి ఫ్లాస్కు చుట్టూ పట్టుకున్న తన అరచేతులు గుర్తొచ్చాయి. తట్టకు ఇంకొంచెం తక్కువ బురద అంటుకుని ఉంటే. ఎవరైనా దాన్ని కడిగి ఉంటే.

"నల్లబడకపోయినా నువ్వేమీ చేయలేదు కదా మామ్మా," అంది.

"అది నీకు తెల్సు, నాకు తెల్సు. ఆలకి నీ బుడ్డీ సెప్పాల." చేట ఆగలేదు. "పెల్లై ఎల్లిన కాడినించి ఆల ఆవులకి మందేసినాను. ఆడోల్లకి పురుడు పోసినాను. ఆ గోవిందుగాడు పుట్టినపుడు ఒల్లంతా నీలం, ఊపిరి నేదు. నోట్లో ఏలెట్టి కల్లె తీసి ఊదినాను. నాను సెయ్యనేదురా అంటే ఒక్కడూ ఇననేదు. గాజుబుడ్డీ సెప్తే ఇన్నారు."

లోపలినుంచి చెల్లెలు టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. దేముడమ్మ చేటను ఒళ్ళోకి వంచి, రాళ్ళున్న మినుముల్ని ఒక పక్కకు తోసి ఏరసాగింది. లీలారాణి తనూ చెయ్యి పెట్టి రాళ్ళు ఏరింది. గోవింద్‌తో ఏమని చెప్పమంటావని ఆమె అడగలేదు.